వ్యతిరేకించేవారు చెయ్యెత్తండి

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే గార్త్ పికెట్ వచ్చి వరండా మెట్ల మీదే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. ఇంట్లోంచి కాఫీ వాసన వస్తోంది కదా, మా గుడివాళ్ళకి కాఫీ నిషిద్ధం, మడి చెడుతుందని భయం.

మొదట ఈ ప్రాంతానికొచ్చిన మా పూర్వీకుల పేరిట చేసే పయనీర్ల పండగ కమిటీకి ఈ ఏడు ఆయనే పెద్ద. జూలై ఇరవై నాలుగున ఊరేగింపు అయ్యాక గుడి హాల్లో నా ఆటబల్ల వేయించాలట. నా బల్ల! ఆరేళ్ళుగా ఆ గుమ్మం తొక్కనిదాని బల్ల. సాల్ట్ లేక్‌లో బొమ్మల యుద్ధాలాడేవాళ్ళ జాతర జరిగినప్పుడు గార్త్ అల్లుడు నా ఆట చూశాడట. ఇంటికొచ్చి, మన పూర్వీకుల మీద ఆట, నాలుగొందల బొమ్మలు, ఒక్కోటీ బొటనవేలంత, చేతిబండ్ల చక్రాలు నిజంగా తిరుగుతాయి అని ఒకటే పొగడ్తట.

"కుటుంబాలన్నీ కూచుని ఆడేలా ఉండాలి సిస్టర్ థోరా. చూసినవాళ్ళకి భక్తి కలగాలి."

"ఓటు ఉంటుంది మరి."

"ఏం ఓటు?"

చెప్పాను. 1856 ఆగస్టు. మిసోరీ నది ఒడ్డున ఆఖరి ఊరు. అక్కడ దాటితే సాల్ట్ లేక్ దాకా వెయ్యి మైళ్ళు ఊరన్నది లేదు. నాలుగొందల పైచిలుకు జనం, పచ్చి చెక్కతో చేసిన, మనుషులే లాగే బండ్లు, ముసలాళ్ళు, చంటిపిల్లలు. అప్పటికే నెలన్నర ఆలస్యం. పోదామా, చలికాలం ఇక్కడే ఆగుదామా అని సభ పెట్టారు. ఒక్కడంటే ఒక్కడు లేచి, ఇప్పుడు బయల్దేరితే మంచులో చస్తాం, ఆగుదాం అన్నాడు. మిగతా చేతులన్నీ పోదామని లేచాయి. ఆ ఏడు వెనకబడ్డ రెండు జట్లలో రెండొందల మందికి పైగా దారిలోనే పోయారు. నా ఆటలో ఆ సభ ఉంటుంది, ఆ ఓటు ఉంటుంది.

"అది... కాస్త నిరాశగా లేదూ సిస్టర్?"

"లేదు బ్రదర్. నిరాశంతా తర్వాత వస్తుంది, వయోమింగ్ మంచులో."

పాపం, నవ్వాలో వద్దో తెలియక టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ అన్నాడు. "మీ పేరు చెప్పింది బిషప్‌గారే."

బిషప్‌గారంటే, మా గుడిని నడపడానికి జనంలోంచే ఎంచిన పెద్ద, లైమన్. నా తమ్ముడు.

సరే అన్నాను.

జూన్ 4

లైమన్ కోసం కాదు. చరిత్ర కోసం.

జూన్ 7, శనివారం

లైమన్ వచ్చాడు. కొండలు చెయ్యడానికి నురగ పలకలు తెచ్చాడు. "దించేసి పోతాను" అన్నాడు. బూట్లకి వాడి టర్కీ కోళ్ళ ఫారం వాసన. పన్నెండున్నరకి వచ్చాడు, మూడుకి పోయాడు. గడియారం చూడలేదు, రోడ్డు మీద బండి చప్పుడు విన్నాను, అంతే.

ఆరేళ్ళ తర్వాత నా నేలమాళిగలోకి దిగాడు. దిగి, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, తీగ వేడిచేసుకుని పలకలు కొయ్యడం మొదలెట్టాడు. వాడి చేతికి కొండలు తెలుసు. నాకు మనుషులు వస్తారు గానీ కొండలు రావు. చిన్నప్పుడూ అంతే, సైన్యాలు నావి, నేల వాడిది.

"ఇంత నిటారుగా అయితే బండి నిలవదక్కా."

"నిలవకూడదనే."

"బొమ్మలు పడిపోతాయి."

"వాళ్ళూ పడ్డారు."

"నేను కొండ గురించి మాట్లాడుతున్నాను."

"నేనూ కొండ గురించే."

తీగ కిందపెట్టి నావైపు చూశాడు. మళ్ళీ తీసుకున్నాడు. కొండ వాలు తగ్గించాడు. నేను ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో తెలియదు. వాలు తగ్గినా బండి లాగడం కష్టమేలే.

ఆ వ్యాసం మాట ఇద్దరం ఎత్తలేదు.

జూన్ 8, ఆదివారం

ఊరంతా గుడికి పోయింది. నేను రంగులు వేశాను.

ఆ వ్యాసంలో ఒక్క ముక్క అబద్ధం లేదు. పయనీర్ల పండగనాడు మన పిల్లలకి బట్టటోపీలు పెట్టి, ఉత్తుత్తి బండ్లు లాగించి, నిమ్మ జెల్లీ తినిపించి, మీ ముత్తవ్వల విశ్వాసం చూడండర్రా అంటాం. వాళ్ళని ఆగస్టులో ఎవరు పంపారని మాత్రం అడగం. చచ్చినవాళ్ళ ఓర్పుని పొగిడితే పంపిన మతపెద్దల తొందర మాసిపోతుంది. ఇదీ నేను రాసింది. సాల్ట్ లేక్ పత్రికలో, ఆదివారం సంచికలో, సగం పేజీ. మళ్ళీ రాయమంటే మళ్ళీ రాస్తాను.

చివర ఒక పేరా ఉంది. మా గుడిలో ఎవరికి ఏ పని అప్పగించినా ఒప్పుకునేవారు చెయ్యెత్తండి అంటారు. కుడిచేతులన్నీ లేస్తాయి. "వ్యతిరేకించేవారు ఇలాగే చెయ్యెత్తండి" అని కూడా అంటారు, ఆ మాటకీ తర్వాతి మాటకీ మధ్య ఊపిరి తీసుకునేంత సందు కూడా ఇవ్వరు. అది రాసి, "ప్రశ్న పూర్తి కాకముందే మా తమ్ముడి చెయ్యి గాల్లో ఉంటుంది" అని ముగించాను.

అది అచ్చయిన ఆదివారమే వాడిని బిషప్‌గా నిలబెట్టారు. నాకు ముందు తెలియదు. జనం వాడికి చేతులెత్తుతున్నప్పుడు సగం మంది ఒళ్ళో ఆ పత్రిక ఉంది.

నాకు ముందు తెలియదు.

జూన్ 12

వద్దన్న మనిషికి రంగు వేస్తున్నాను. మూడు రోజులైంది. గోధుమరంగు కోటు, బూడిదరంగు గడ్డం. చేతులు కట్టుకుని నిలబడ్డట్టు చేశాను. మిగతా నాలుగొందల మందిదీ నడక, ఇతనొక్కడిదే నిలకడ.

లైమన్ భూతద్దంలో చూసి, "అచ్చం నువ్వే" అన్నాడు.

అతనికి గడ్డం ఉంది. నాకు లేదు. ఇంక పోలికేమిటి?

జూన్ 17

లైమన్ వరసగా రెండోవారం కూడా వచ్చాడు. బల్ల మీది ప్లాట్ నదికి నీళ్ళలా మెరిసే లక్క పోశాం. ఆరడానికి ఒక రాత్రి పడుతుందంటే, రేపొచ్చి చూస్తానన్నాడు. లక్క ఆరిందో లేదో నేను చూడలేనా? సరే రమ్మన్నాను.

సాల్ట్ లేక్‌లో ఆడేవాళ్ళు ఎప్పుడూ ఒకటే అడుగుతారు: శత్రువెవరు, శత్రువు బొమ్మలేవి? క్యాలెండరు అంటాను. పన్నెండడుగుల బల్ల. తూర్పు చివర ఎండాకాలం, పడమటి చివర తెల్ల గుడ్డ. ఒక్కో ఆటగాడికి ఒక్కో గుడారం, గుడారానికి ఇరవై మంది, నాలుగు బండ్లు, మనిషికి రోజుకి ఇంత పిండి. ముక్క తీస్తే రోజు గడుస్తుంది. రాజూ రాణీ ఉన్న పేకముక్కలు మా వాళ్ళు ముట్టుకోరు గనక అంకెలు మాత్రమే ఉన్న ముక్కలు పెట్టాను. చూశావా లైమన్, నేనూ సర్దుకుపోతాను.

జూన్ 21, శనివారం

మొదటిసారి ఆడించి చూశాం. బాగానే జరిగింది. ఓటు దగ్గర చిన్న సవరణ అవసరం.

జూన్ 22, ఆదివారం

నా డైరీలో నేనే అబద్ధం రాసుకుంటే ఇంకెవరికి నిజం చెప్పను? ఏమైందో రాస్తాను.

ఏడుగురం. గార్త్, లైమన్, ఆర్విలా పిన్ని, ఆవిడ మహిళా సంఘం స్నేహితురాళ్ళు ముగ్గురు, నేను. ఆర్విలా పిన్నికి ఎనభై రెండు. నాకూ లైమన్‌కీ ఆదివారం బడిలో చదువు చెప్పింది. పోయిన ఏడు భర్త పోయినప్పుడు ఊళ్ళో వాళ్ళు వండి తెచ్చిన బంగాళాదుంపల పళ్ళాలు ఇంకా తిరిగివ్వలేదట. నిన్న ఆ పళ్ళెంలోనే మాకు వండి తెచ్చింది.

ప్రతివాళ్ళకీ ఒక చీటీ ఇచ్చాను. మూడు చీటీల మీద "నీకు భయంగా ఉంది, వద్దని చెప్పు" అని ఉంది. వద్దన్న మనిషి బొమ్మ నా ముందు పెట్టుకున్నాను. గార్త్ కెప్టెను. లేచి, గొంతు సవరించుకుని చదివాడు.

"ముందుకి సాగడానికి ఒప్పుకునేవారు కుడిచెయ్యి ఎత్తి తెలపండి."

ఏడుకి ఏడు చేతులు లేచాయి.

 తర్వాత ఆర్విలా పిన్ని తన చీటీ చూసుకుని, "అయ్యో, నాది వద్దనే చీటీ కదూ" అంది. పక్కావిడా అదే మాట అంది. ముసలాళ్ళందరూ పకపకా నవ్వారు. అలవాటు! అరవై, డెబ్భై ఏళ్ళ అలవాటు. ఆ వాక్యం చెవిన పడితే చాలు, చెయ్యి దానంతటదే లేస్తుంది. నేనూ నవ్వాను. ఇదే కదా నేను చెప్పేది, ఇదే కదా నా వాదన!

అప్పుడు పిన్ని నావైపు తిరిగింది.

"అవునుగానీ అమ్మాయ్, నువ్వెందుకెత్తావే?"

చూసుకున్నాను. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మోచెయ్యి మడిచి, అరచెయ్యి ముందుకి, అమ్మ నేర్పినట్టు.

వద్దన్న మనిషి బొమ్మ నా ముందే ఉంది, చేతులు కట్టుకుని.

అందరూ నవ్వారు. లైమన్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. వాడు పాచికలు ఏరి డబ్బాలో వేస్తూ తలొంచుకున్నాడు. నాకు సిగ్గు కలగకూడదని తలొంచుకున్నాడు.

జూన్ 23

అది అసంకల్ప చర్య. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు లేవడం లాంటిది. దానికీ అభిప్రాయానికీ సంబంధం లేదు.

జూన్ 24

కానీ అప్పుడు 1856లో లేచిన చేతుల సంగతేమిటి?

వాళ్ళని నేను పదకొండేళ్ళుగా తిడుతున్నాను. తిలాపాపం తలా పిడికెడు అన్నాను, ఒక్కో చెయ్యీ శవపెట్టెకి ఒక్కో మేకు అని రాశాను. మా ముత్తవ్వ తల్లి కిర్స్టీన్ ఆ సభలో తొమ్మిదేళ్ళ పిల్ల. అమ్మా నాన్నా చెయ్యెత్తడం చూసి ఉంటుంది. అక్టోబరుకి ఇద్దరూ లేరు.

పంపినవాళ్ళు వేరు, చెయ్యెత్తినవాళ్ళు వేరు. వ్యాసంలో రెంటినీ ఒకే గంపలో వేశానేమో. పంపినవాళ్ళని మాత్రం వదలను.

జూలై 2, బుధవారం

కమిటీ నుంచి ఉత్తరం. గార్త్ సంతకం. ఆట అద్భుతంగా ఉందట, అందరికీ నచ్చిందట, కానీ "పండగ వాతావరణం దృష్ట్యా" సభా సన్నివేశం తీసేసి, జట్టు ప్రార్థనతో బయల్దేరేలా మార్చాలట.

ప్రార్థనతో! ఓటు తీసేస్తే ఇంకేం మిగిలింది? మంచు. మంచు దానంతటదే వచ్చిందనీ, ఎవరి తప్పూ లేదనీ, దేవుడు పరీక్ష పెట్టాడనీ. నూట డెబ్భై ఏళ్ళుగా ఇదేగా చెబుతున్నారు. నా బల్ల మీద కూడానా?

బొమ్మలన్నీ అట్టపెట్టెల్లో సర్దేశాను. ఒక్కోదానికీ కాగితం చుట్టాను. మూడు గంటలు పట్టింది. పత్రికకి వ్యాసం మొదలెట్టాను.

జూలై 3

లైమన్ వచ్చాడు. పెట్టెలు చూశాడు.

"అంటే పోతున్నావన్నమాట."

"వాళ్ళు పొమ్మన్నారు."

"ఓటు తీసెయ్యమన్నారు. పొమ్మనలేదు."

"రెండూ ఒకటే."

"నీకెప్పుడూ రెండూ ఒకటే అక్కా! వద్దంటావు, తలుపేసుకుంటావు. ఆ మనిషిని చూడు, మూడు రోజులు కూచుని రంగు వేశావే, ఆయన. వద్దన్నాడు. ఎవరూ వినలేదు. తర్వాతేం చేశాడు?"

"తెలుసు."

"చెప్పు."

"వాళ్ళతో పాటే వెళ్ళాడు."

"వెళ్ళి బండ్లు లాగాడు. నది దాటలేనివాళ్ళని మోశాడు. నీ ఆటలో అతను వద్దని చెయ్యెత్తాక బల్ల మీంచి తీసి పక్కన పెట్టేస్తావు. పద్నాలుగో పేజీ, నేను చదివాను."

"వెళ్ళకూడదురా! అదే అంటాను. ఆయన వెళ్ళనని కూచుని ఉంటే పదిమంది కూచునేవాళ్ళు. పదిమందిని చూసి వందమంది. మంచివాళ్ళు తప్పుకి తోడు వెళితే తప్పు నడవడం నేర్చుకుంటుంది."

"ఏమో. నాకు తెలియదు. నువ్వన్నదే రైటేమో. కానీ ఆరేళ్ళు ఆ గుళ్ళో నేనొక్కణ్ణే ఉన్నాను. నువ్వు లేవు. నువ్వుండి వ్యతిరేకించి ఉంటే నేను..."

 టర్కీలకి నీళ్ళు పెట్టాలని లేచాడు. మెట్ల మీద ఆగాడు.

"నువ్వు రాసింది అబద్ధమని నాకు కోపం రాలేదు. నన్నడక్కుండా నా చేతి గురించి రాశావని వచ్చింది."

జూలై 4, శుక్రవారం

దేశమంతా టపాకాయలు. వ్యాసం పద్నాలుగొందల మాటలైంది. బాగా వచ్చింది. పదునుగా ఉంది.

పంపలేదు.

జూలై 6, ఆదివారం

గుడి వదిలే వేళకి లైమన్ ఇంటికి వెళ్ళాను. తలుపు వాడే తీశాడు, చేతులకి పిండి. నూనెలో పూరీల్లాంటి స్కోన్లు వేస్తున్నాడు.

దారిలో అనుకున్నదంతా గుమ్మంలోనే అనేశాను, లోపలికెళితే అననేమోనని. "రాసిందాంట్లో ఒక్క మాట వెనక్కి తీసుకోను. కానీ అడక్కుండా రాశాను. అది తప్పే. ఆ రోజే నిన్ను నిలబెడతారని తెలియకపోవడం నిజమే గానీ, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అది ఇంకా తప్పు."

వాడు నిలబడి విన్నాడు. పిండి చేత్తోనే ముక్కు తుడుచుకున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయితే రా, నూనె మాడిపోతోంది."

నాలుగు తిన్నాను, తేనె వెన్న వేసుకుని. నాకు పాలు పోసిచ్చాడు. కాఫీ ఉందా అనడిగితే, బిషప్ ఇంట్లోనా అని గుడ్లురిమాడు. తర్వాత తాపీగా చెప్పాడు, నిన్న కమిటీ సమావేశంలో ఏమైందో. హాలు తాళం బిషప్ దగ్గర ఉంటుంది. ఓటు లేకపోతే తాళం తియ్యనన్నాడట.

"ఒరేయ్, అది నియంతృత్వం!"

"అవును. ఈ ఒక్కసారికి ఓర్చుకో."

"గార్త్ ఏమన్నాడు?"

"గింజుకున్నాడు. తర్వాత సరే, చదివేదేదో నేనే చదువుతానన్నాడు. నేనూ ఒక షరతు పెట్టాను. 'వ్యతిరేకించేవారు' అన్నాక మనసులో పది లెక్కపెట్టాలి. పదీ అయ్యేదాకా నోరు తెరవకూడదు."

ఇంటికొచ్చి పెట్టెలు విప్పాను.

జూలై 15

రోజూ వస్తున్నాడు. మంచు గుడ్డ కింద పత్తి పరుస్తున్నాం. పద్నాలుగో పేజీ మార్చాను: వద్దన్న మనిషి జట్టుతోనే ఉంటాడు, ఏ బండికి సాయం పడితే ఆ బండి రోజుకి ఒక గడి ఎక్కువ కదుల్తుంది. వాదనలో ఓడిపోయి కాదు. రూలు బాగుందని.

జూలై 23

రేపే. బల్ల వేశాం. బాస్కెట్‌బాల్ ఆడే హాలు గనక బుట్ట సరిగ్గా రాకీ కొండల నెత్తిన వేలాడుతోంది. లైమన్ దాన్ని పైకి లాగి కట్టాడు. పడమటి వైపు మంచు ఎంత అందంగా వచ్చిందంటే నాకే భయమేసింది. రేపు జనం చూస్తారు. ఆ గుడ్డ మీద ఒక్కో బొమ్మ పడిపోతుంటే నోళ్ళు మూతపడతాయి. దీనికోసం పదకొండేళ్ళు ఆగాను.

జూలై 24, గురువారం

చెయ్యి నొప్పెడుతోంది. అయినా ఇవాళే రాయాలి.

ఊరేగింపయ్యాక జనమంతా హాల్లోకొచ్చారు, చల్లగా ఉంటుందని. పదకొండు మంది ఆటగాళ్ళు. చుట్టూ ఓ వందమంది, చేతుల్లో జెల్లీ పళ్ళాలు. చీటీలు ఈసారి ఇవ్వలేదు. ఎవరి బుద్ధికి తోచింది వాళ్ళు చెయ్యమన్నాను. ఎలాగూ అందరి చేతులూ లేస్తాయి, జనానికి అది కళ్ళారా చూపించడమే నాక్కావలసింది.

గార్త్ మంచి సూటు వేసుకొచ్చాడు. గుళ్ళో చదివినట్టే చదివాడు. "ముందుకి సాగడానికి ఒప్పుకునేవారు కుడిచెయ్యి ఎత్తి తెలపండి."

లేచాయి. పదకొండూ. చుట్టూ నిలబడి చూసేవాళ్ళవి కూడా కొన్ని లేచాయి! ఓ నవ్వు అలలా పాకి ఆగింది.

"వ్యతిరేకించేవారు ఇలాగే చెయ్యెత్తండి."

నోరు మూసుకున్నాడు. లెక్కపెడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. ఒకటి. రెండు.  మూడు. నాలుగు. ఎవరో పళ్ళెంలో చెంచా పెట్టారు. అయిదు.

ఆర్విలా పిన్ని చెయ్యెత్తింది.

"పిన్నీ, ఇందాక ఒప్పుకున్నారుగా" అన్నాడు గార్త్. పదీ పూర్తి కాకుండానే నోరు తెరిచాడు.

"అలవాటుకొద్దీ ఎత్తానయ్యా. ఇప్పుడు ఆలోచించి ఎత్తుతున్నాను. నా గుడారం చూడు, ఇద్దరు బాలింతలు, ఒక కుంటి తాత. ఆగస్టులో ప్రయాణం ఏమిటి, బుద్ధుండక్కర్లా? మా ఆయన ఆగస్టు దాటితే కొండ మీదికి గొర్రెల్నే తోలేవాడు కాదు!"

జనం గొల్లుమన్నారు. నవ్వు ఆగేసరికి ఆవిడ పక్కన ఇంకో చెయ్యి. ఎదురుగా పాల డెయిరీ అతను, "ఆ మాట నిజమే" అంటూ ఎత్తాడు. తర్వాత ఒక్కసారిగా మూడు. ఆఖరికి లైమన్. మెల్లగా, చుట్టూ చూసి, గుళ్ళో నిలబెట్టిన బిషప్ తన జనం ముందు చెయ్యెత్తాడు, వ్యతిరేకమని. నావైపు చూడలేదు.

ఏడుగురు ఆగుదామన్నారు. నలుగురు పోదామన్నారు.

గార్త్ పుస్తకం తిప్పాడు. ముందుకి, వెనక్కి. "సిస్టర్ థోరా, ఆగితే ఏ పేజీ?"

పేజీ లేదు.

నలభై ఒక్క పేజీల రూల్సు. పిండికి రూలుంది, ఇరుసు విరిగితే రూలుంది, వేళ్ళు గడ్డకడితే రూలుంది. ఆగితే ఏమవుతుందో ఒక్క వాక్యం లేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. వాళ్ళకి దారి లేకుండా చేశారని అరిచినదాన్ని, నా బల్ల మీద నేనూ వాళ్ళకి దారి పెట్టలేదు. ఓటు పెట్టాను, ఓటు గెలిస్తే పోయే చోటు పెట్టలేదు.

గార్త్ దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "కెప్టెన్‌దే తుది నిర్ణయం అనేద్దామా? చరిత్రలో వెళ్ళారుగా. మంచు అంతా పరిచి పెట్టారు కూడా. మీరు ఊఁ అనండి, సాగిస్తాను."

మంచి మనిషి. నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. నేను ఊఁ అంటే చాలు, అంతా నేననుకున్నట్టే జరుగుతుంది. తెల్ల గుడ్డ, పడిపోయే బొమ్మలు, మూతపడే నోళ్ళు. నా వాదన మొత్తం ఆ గుడ్డ మీద ఉంది. ఆర్విలా పిన్ని తన ఇరవై మందినీ చేత్తో దగ్గరికి జరుపుకుని నావైపే చూస్తోంది.

 

"వాళ్ళు ఆగుతామన్నారు బ్రదర్ పికెట్" అన్నాను.  "ఆగుతారు."

"మరి రూలు?"

"లేదు. నేను రాయలేదు. తప్పు నాది."

లైమన్ అప్పటికే బల్ల పడమటి చివర ఉన్నాడు. "పట్టుకో అక్కా" అన్నాడు. ఇద్దరం చెరో వైపూ పట్టుకుని మంచు గుడ్డ తీసి మడతపెట్టాం. నెలన్నర పని. పత్తి నేలంతా రాలింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడ్డం మొదలెట్టారు. డెయిరీ అతను, మట్టిపెళ్ళలతో గుడిసెలు కడదామన్నాడు. ఇంకెవరో, ఆ ఊళ్ళో మొక్కజొన్న కోతలకి మనుషులు కావాలిగా, కూలికెళ్తే పిండొస్తుంది అన్నారు. గార్త్ ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేక కాసేపు నిలబడి, కోటు విప్పేసి, బండ్లు బోర్లించి కప్పులెయ్యొచ్చని చూపించాడు. బాగా చూపించాడు. పాచికలు వేశాం. జ్వరాలొచ్చాయి. లైమన్ పట్టుబట్టాడు, ఆగినంతమాత్రాన అందరూ బతకరని. ఆర్విలా పిన్ని కుంటి తాత నవంబర్లో పోయాడు. ఆవిడ ఆ బొమ్మని పళ్ళెం అంచున పడుకోబెట్టి, కాగితం రుమాలు కప్పింది. ఎవరూ నవ్వలేదు.

నా వాదన ఎవరూ వినలేదు ఇవాళ. నేను చెప్పనే లేదు.

బాలింతలిద్దరూ బతికే ఉన్నారు.

జూలై 26, శనివారం

లైమన్ పొద్దున్నే వచ్చాడు, పెన్సిలు చెవిలో పెట్టుకుని. నలభై రెండో పేజీ మొదలెట్టాం. పేరు "ఆగితే".

మొదటి వాక్యం దగ్గరే తగువు. జ్వరం పాచిక ఆరు పడితే ఒకరు పోవాలన్నాను. అయిదు పడ్డా పోవాలన్నాడు.

"నీ పక్షం గెలవాలని చలికాలాన్ని మెత్తబరుస్తున్నావక్కా."

"నీ పక్షం ఓడకూడదని నువ్వు గట్టిపరుస్తున్నావు."

"నాకు పక్షం లేదు. ఏడుగురిలో నేనొకణ్ణి."

"ఎనిమిదోదాన్ని నేను. నన్నెవరూ ఓటడగలేదు."

"ఇప్పుడడుగుతున్నాను. అయిదా, ఆరా?"

పాతకాలపు లెక్కలు తిరగేశాం, ఆ నది ఒడ్డున అంతకుముందు పదేళ్ళనాటి చలికాలాల్లో ఎంతమంది పోయారో. చాలామందే. వాడు చెప్పిందే నిజానికి దగ్గర. అయిదు అని రాశాను. ఆ ఒక్క అంకెకి మా కిర్స్టీన్ వాళ్ళమ్మ మళ్ళీ పోవచ్చు. పోకపోనూ వచ్చు. ఇంతకుముందు ఆమెకి ఆ రెండో మాట లేదు.

మధ్యాహ్నం దాకా ఆడుతూ రాశాం, రాస్తూ ఆడాం. పేజీ సగం నా రాత, సగం వాడి కోడిగీతలు. కాఫీ పెట్టుకున్నాను. వాడికి కోకో. ఒంటిగంటకి టర్కీల నీళ్ళ వేళని లేచి, బల్ల మీద ఏమీ ముట్టుకోవద్దని వేలు చూపించి మరీ పోయాడు.

ముట్టుకోలేదు. బల్ల మీద మా చలికాలం ఫిబ్రవరి దాకా వచ్చింది. గడ్డి ఇంకా మొలవలేదు. ఎవరికీ తొందర లేదు.